పక్షవాతం: మూతపడిన ధమనిని బట్టి కోలుకునే తీరు

మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని మూసుకుపోవడం వల్ల గానీ చిట్లడం వల్ల గానీ మెదడులో కొంత భాగం హఠాత్తుగా పనిచేయకపోవడాన్ని బ్రెయిన్ స్ట్రోక్ అంటారు. వాడుకలో దీన్ని పక్షవాతం అంటున్నా, స్ట్రోక్ వచ్చిన ప్రతి ఒక్కరికీ కాలూ చేయీ పడిపోవు. ఒకరికి మాట పోతుంది, మరొకరికి చూపులో సగం పోతుంది, ఇంకొకరికి గుటక పడదు. ఏది పోతుందన్నది ఏ ధమని దెబ్బతిన్నదన్న దాన్ని బట్టి ఉంటుంది. పోయిన దాంట్లో ఎంత తిరిగొస్తుందన్నది మాత్రం ధమని పేరు ఒక్కదానితో తేలదు. ఆ ధమని మొదట్లో మూసుకుందా చివర్లోనా, పక్క నాళాలు ఎంతసేపు ఆదుకున్నాయి, చేతికీ కాలికీ ఆదేశాలు మోసే నరాల తంతువులు మిగిలాయా అన్న మూడు ప్రశ్నలకు వచ్చే జవాబుల మీదే రోగి భవిష్యత్తు ఎక్కువగా ఆధారపడుతుంది. ఈ వ్యాసం ప్రధానంగా రక్తపు గడ్డల వల్ల వచ్చే స్ట్రోక్‌కు సంబంధించినది.

మెదడుకు రక్తం చేరే దారులు

శరీరం బరువులో మెదడు వాటా 2 శాతమే అయినా, గుండె పంపే రక్తంలో 15 నుంచి 20 శాతం దానికే కావాలి. ఈ రక్తం నాలుగు ధమనుల ద్వారా వస్తుంది. మెడకు ముందువైపు చెరో పక్కా ఉండే రెండు అంతర కెరోటిడ్ ధమనులు పుర్రెలోకి వెళ్లాక ముందు, మధ్య మస్తిష్క ధమనులుగా చీలుతాయి. మెడ ఎముకల రంధ్రాల గుండా పైకి పాకే రెండు వెర్టిబ్రల్ ధమనులు కలిసి బేసిలార్ ధమని అవుతాయి. అది మెదడు కాండానికీ చిన్నమెదడుకూ కొమ్మలు ఇచ్చి, చివర రెండు వెనుక మస్తిష్క ధమనులుగా విడిపోతుంది.

ముందు నుంచి వచ్చే రక్తమూ వెనుక నుంచి వచ్చే రక్తమూ మెదడు అడుగున ఒక వలయంలో కలుస్తాయి. ఆంగ్ల వైద్యుడు థామస్ విల్లిస్ 1664లో ప్రచురించిన గ్రంథంలో దీన్ని వివరించడంతో దీనికి ఆయన పేరే స్థిరపడింది. ఆ గ్రంథానికి బొమ్మలు గీసినవారిలో తర్వాతి కాలంలో లండన్ సెయింట్ పాల్స్ కెథడ్రల్‌ను రూపొందించిన క్రిస్టఫర్ రెన్ కూడా ఉన్నారు. అయితే ఈ వలయం అందరిలోనూ పూర్తిగా ఉండదు. చాలామందిలో ఏదో ఒక ముక్క సన్నగా ఉంటుంది, లేదా అసలే ఉండదు. ఒకే ధమని మూసుకున్న ఇద్దరిలో ఒకరు నడుచుకుంటూ ఇంటికి వెళ్లి, మరొకరు మంచం పట్టడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

మామూలుగా 100 గ్రాముల మెదడు కణజాలానికి నిమిషానికి దాదాపు 50 మిల్లీలీటర్ల రక్తం అందుతుంది. అది 20 కంటే తగ్గితే కణాలు పని మానేస్తాయి కానీ చనిపోవు. 10 కంటే తగ్గితే నిమిషాల్లోనే చనిపోతాయి. చనిపోయిన భాగం చుట్టూ, పని ఆగినా ప్రాణం ఉన్న కణాలు మిగులుతాయి. ఈ ప్రాంతాన్ని పెనంబ్రా అంటారు. స్ట్రోక్‌కు జరిగే అత్యవసర చికిత్సంతా దీన్ని దక్కించుకోవడానికే.

ప్రాంతాన్ని బట్టి ఫలితం

దెబ్బతిన్న ప్రాంతాన్ని బట్టి రోగి ఎలా కోలుకుంటాడో చెప్పవచ్చని స్పష్టంగా చూపినది బ్రిటన్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో జరిగిన అధ్యయనం. 1991లో దాని ఫలితాలు వచ్చాయి. గడ్డ వల్ల స్ట్రోక్ వచ్చిన 543 మందిని పరిశోధకులు లక్షణాలను బట్టే నాలుగు గుంపులు చేశారు. మెదడు ముందుభాగపు రక్తసరఫరా పూర్తిగా దెబ్బతిన్నవారు 17 శాతం, పాక్షికంగా దెబ్బతిన్నవారు 34 శాతం, లోతులోని సన్న నాళాలు మూసుకున్నవారు 25 శాతం, వెనుకభాగపు ధమనులు మూసుకున్నవారు 24 శాతం ఉన్నారు.

మొదటి గుంపులో ఏడాది తిరిగేసరికి 60 శాతం మంది చనిపోయారు. ఇతరుల మీద ఆధారపడకుండా బతుకుతున్నవారు 4 శాతమే. వెనుకభాగపు స్ట్రోక్ వచ్చినవారిలో బాగా కోలుకునే అవకాశం అన్ని గుంపుల కంటే ఎక్కువగా కనిపించింది. గడ్డను కరిగించే మందులూ బయటికి లాగే పరికరాలూ ఇంకా వాడుకలోకి రాని రోజులవి. అందుకే ఈ లెక్కలు అలాంటి చికిత్స అందకపోతే ఏమవుతుందో చూపే కొలతగా ఈనాటికీ పనికొస్తాయి.

మధ్య మస్తిష్క ధమని

ఆస్పత్రుల్లో ఎంసీఏ అని పిలిచే ఈ ధమనిలోనే స్ట్రోక్ ఎక్కువగా వస్తుంది. మెదడు బయటి వైపు తలంలో అధిక భాగాన్ని ఇదే పోషిస్తుంది. ముఖం, చేయి, మాట, స్పర్శ, చుట్టూ ఉన్న స్థలాన్ని గమనించే శక్తి దీని పరిధిలోకి వస్తాయి. కాలిని నడిపే ప్రాంతం వేరే ధమని కింద ఉండటంతో, దీని పై కొమ్మలు మూసుకున్నప్పుడు చేయి, మూతి ఎక్కువగా దెబ్బతిని కాలు కొంత నయంగా ఉంటుంది. చాలామందికి నడక ముందు వచ్చి, చేయి వెనకబడటానికి కారణం ఇదే.

పంట కాలువ తలదగ్గరే తూము మూసుకుపోతే కింద ఆయకట్టంతా ఎండుతుంది, చివరి పిల్లకాలువ పూడితే రెండు మళ్లే ఎండుతాయి. ఎంసీఏ విషయమూ అంతే. మొదట్లోనే మూసుకుంటే మెదడు పైపొర, లోతులోని భాగాలు రెండూ పోయి ఒకవైపు శరీరమంతా పడిపోతుంది. పై కొమ్మ ఒక్కటే మూసుకుంటే చేయి, ముఖం బలహీనపడి మాట తడబడుతుంది. ఎడమవైపు కింది కొమ్మ మూసుకుంటే కాలూ చేయీ బాగానే ఉండి, ఎదుటివారి మాట అర్థం కాదు. ఇలాంటి రోగిని చూసి ఇంట్లోవాళ్లు మతిపోయిందనుకుని ఆస్పత్రికి ఆలస్యంగా తెస్తారు.

ఎడమ ఎంసీఏ అయితే మాట సమస్య ముందుంటుంది. మాట పలికించే ప్రాంతం ఎడమ అర్ధగోళం ముందుభాగంలో ఉందని 1860లలో పాల్ బ్రోకా, మాట అర్థం చేసుకునే ప్రాంతం ఇంకాస్త వెనక ఉందని 1874లో కార్ల్ వెర్నికె చెప్పారు. మాట సాధారణంగా మొదటి మూడు నెలల్లో వేగంగా మెరుగుపడుతుంది. ఆ తర్వాత మెరుగుదల నెమ్మదిస్తుందే తప్ప ఆగిపోదు.

కుడి ఎంసీఏ దెబ్బతిన్న రోగి చక్కగా మాట్లాడతాడు. అందుకే ఇంట్లోవాళ్లు పెద్ద ప్రమాదం లేదనుకుంటారు. అలాంటి పెద్దాయన ముందు భోజనం పళ్లెం పెట్టి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. కుడివైపున్న అన్నం, కూర తినేస్తారు. ఎడమవైపు వేసిన పప్పు ముట్టుకోరు. పైగా "పప్పు వెయ్యలేదేంటి?" అని అడుగుతారు. పళ్లెం తిప్పి పెడితే అదీ తింటారు. ఆయన కళ్లకు లోపం లేదు. ఎడమవైపు ఒక లోకం ఉందన్న గమనికే మెదడులో లేదు. తన ఎడమ చేయి పడిపోయిందని ఒప్పుకోనివారూ ఉంటారు. చేయి పడిపోయిందని తెలియనివారు వ్యాయామం మీద మనసు పెట్టరు కాబట్టి కోలుకోవడం ఆలస్యమవుతుంది. స్ట్రోక్ తీవ్రతను 0 నుంచి 42 వరకు కొలిచే ఎన్‌ఐహెచ్ కొలమానంలో మాటకు సంబంధించిన అంశాలకు 7 మార్కులు ఉంటే, ఈ ఏమరుపాటుకు 2 మాత్రమే. కుడివైపు స్ట్రోక్ ఉన్నదాని కంటే చిన్నదిగా కనిపించడానికి ఇదొక కారణం.

ఎంసీఏ ప్రాంతమంతా చనిపోతే రెండు మూడు రోజుల్లో మెదడు వాచి ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడు పుర్రె ఎముకలో పెద్ద ముక్కను తాత్కాలికంగా తీసి వాపుకు చోటిస్తారు. 60 ఏళ్లలోపు రోగులకు 48 గంటల్లో ఈ ఆపరేషన్ చేస్తే ఏడాది తర్వాత బతికి ఉన్నవారు 29 శాతం నుంచి 78 శాతానికి పెరిగారని 2007లో మూడు యూరప్ పరీక్షల ఉమ్మడి విశ్లేషణ తేల్చింది. అయితే బతికినవారిలో చాలామందికి వైకల్యం మిగిలింది. ఆపరేషన్‌కు ముందే కుటుంబానికి ఈ మాట చెప్పాలి.

లోతులోని సన్న ధమనులు

ఎంసీఏ మొదట్లో నుంచి దారపు పోగుల్లాంటి నాళాలు నేరుగా మెదడు లోతులోకి దిగుతాయి. బీపీ, షుగర్ ఏళ్ల తరబడి అదుపులో లేకపోతే ఇవి గట్టిపడి మూసుకుంటాయి. ఫలితంగా ఏర్పడే మచ్చ సాధారణంగా 15 మిల్లీమీటర్లకు మించదు. ఈ చిన్న స్ట్రోక్‌ల లక్షణాలను కెనడాలో పుట్టిన నాడీవైద్యుడు సి. మిల్లర్ ఫిషర్ 1960లలో వివరంగా వర్ణించారు.

మచ్చ చిన్నదే కదా అని తీసిపారేయడానికి లేదు. మెదడు పైపొరంతటా విస్తరించిన కదలిక నరాల తంతువులన్నీ ఇంటర్నల్ క్యాప్సూల్ అనే ఇరుకు చోట ఒక్క కట్టగా దిగుతాయి. అక్కడ సెంటీమీటరు గాయమైనా ముఖం, చేయి, కాలు మూడూ ఒకే తీరున పడిపోతాయి. మాట, జ్ఞాపకం, తెలివి మాత్రం చెక్కుచెదరవు. చాలామంది నెలల్లో లేచి తిరుగుతారు. కానీ తంతువుల కట్ట పూర్తిగా తెగినవారికి, స్కాన్‌లో పెద్ద మచ్చ ఉన్న కొందరి కంటే చేతి వైకల్యం ఎక్కువగా మిగులుతుంది. గాయం ఎంత పెద్దదన్న దాని కన్నా ఎక్కడ పడిందన్నది ముఖ్యం అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. పైగా ఇలాంటి స్ట్రోక్‌లు మళ్లీ మళ్లీ వస్తే నడక చిన్న అడుగులకు మారి, ఆలోచన మందగిస్తుంది.

ముందు, వెనుక మస్తిష్క ధమనులు

ముందు మస్తిష్క ధమనిలో స్ట్రోక్ అరుదు. ఇది రెండు అర్ధగోళాల లోపలి వైపును పోషిస్తుంది. కాలిని కదిలించే ప్రాంతం అక్కడే ఉంది కాబట్టి కాలు ఎక్కువగా, చేయి తక్కువగా దెబ్బతింటాయి. మూత్రం మీద అదుపు తప్పవచ్చు. కొందరిలో చొరవ పూర్తిగా పోతుంది. పలకరిస్తే చాలాసేపటికి ఒక్క ముక్క మాట్లాడి ఊరుకుంటారు. దీన్ని బద్ధకంగానో దిగులుగానో పొరబడే ప్రమాదం ఉంది. కదలిక చాలామందికి తిరిగొస్తుంది. చొరవ తిరిగిరాకపోతే మాత్రం కాళ్లలో బలం ఉన్నా మనిషి కుర్చీకే పరిమితమవుతాడు.

వెనుక మస్తిష్క ధమని చూపు ప్రాంతాన్ని పోషిస్తుంది. అది మూసుకుంటే రెండు కళ్లలోనూ ఒకే వైపు సగం దృశ్యం పోతుంది. కంటి డాక్టరు దగ్గరికి వెళ్లి అద్దాలు మార్చుకునేవారు కొందరుంటారు. అద్దాలతో ఇది సర్దుకోదు. కాలూ చేయీ బాగుండటంతో కోలుకున్నట్టే కనిపించినా, రోడ్డు దాటడం, బండి నడపడం ప్రమాదమవుతుంది. తల తిప్పి చూడటం అలవాటు చేయించడమే ఇక్కడ ప్రధాన శిక్షణ. ఫ్రెంచి వైద్యుడు జూల్ దెజెరీన్ 1892లో ఒక విచిత్రమైన రోగిని వర్ణించారు. ఆయన చక్కగా రాయగలడు కానీ తాను రాసినదాన్నే చదవలేడు. ఎడమ వెనుకభాగంలో చూపు ప్రాంతం, రెండు అర్ధగోళాలను కలిపే వంతెన వెనుక కొస దెబ్బతినడం అందుకు కారణం.

ఈ ధమని కొమ్మలే థలమస్‌కూ వెళతాయి. అక్కడ దెబ్బతింటే మొదట తిమ్మిరి, కొన్ని వారాలకో నెలలకో ఆ పక్కంతా మంట, సలపరం మొదలుకావచ్చు. అందరూ కోలుకుంటున్నారనుకునే సమయంలో కొత్తగా మొదలయ్యే బాధ ఇది. దీనికి మామూలు నొప్పి మాత్రలు పనిచేయవు. నరాల నొప్పికి వాడే మందులు వేరే ఉన్నాయి.

బేసిలార్, వెర్టిబ్రల్ ధమనులు

అత్యంత ప్రమాదకరమైనదీ, చాలా బాగా కోలుకునేదీ రెండూ ఈ కుటుంబంలోనే ఉన్నాయి. బేసిలార్ ధమని పూర్తిగా మూసుకుంటే స్పృహ, శ్వాస, రెండు కాళ్లూ రెండు చేతులూ ఒకేసారి దెబ్బతింటాయి. సకాలంలో తెరవకపోతే ఎక్కువమంది బతకరు. బతికినవారిలో కొందరికి కళ్లు తప్ప ఏదీ కదలదు, తెలివి మాత్రం పూర్తిగా ఉంటుంది. ఫ్రెంచి పాత్రికేయుడు జీన్ డొమినిక్ బాబీకి 1995 డిసెంబరులో మెదడు కాండంలో స్ట్రోక్ వచ్చి ఈ స్థితి కలిగింది. ఎడమ కనురెప్ప ఆర్పుతూ ఒక్కో అక్షరమే చెప్పి ఆయన ఒక పుస్తకం రాయించారు. 1997లో అది వెలువడిన కొద్ది రోజులకే చనిపోయారు.

గడ్డను బయటికి లాగే చికిత్స ఈ ధమనికీ పనికొస్తుందని 2022లో చైనాలో జరిగిన రెండు పరీక్షలు నిరూపించాయి. ఆ చికిత్స పొందినవారిలో 46 శాతం మంది మూడు నెలలకు సాయం లేకుండా నడవగలిగే స్థాయికి వచ్చారు. మందులు మాత్రమే వాడినవారిలో అలా వచ్చినవారు 23, 24 శాతమే.

వెర్టిబ్రల్ ధమని, లేదా దాని నుంచి చిన్నమెదడుకు వెళ్లే కింది కొమ్మ మూసుకుంటే తల తిరుగుడు, గొంతు బొంగురు, గుటక పడకపోవడం, ముఖంలో ఒక పక్క, ఒంట్లో రెండో పక్క స్పర్శ తగ్గడం కనిపిస్తాయి. జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ వాలెన్‌బర్గ్ 1895లో దీన్ని వర్ణించారు. కదలిక తంతువులు పక్కనే ఉన్నా తప్పించుకుంటాయి కాబట్టి వీరిలో చాలామంది తిరిగి నడుస్తారు. మొదటి వారాల్లో మింగిన అన్నం, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోకుండా చూసుకోవడమే ప్రాణరక్షణ. గుటక పరీక్ష అయ్యేదాకా నోట్లో చెంచాడు నీళ్లు కూడా పోయకూడదు.

చిన్నమెదడు స్ట్రోక్‌లో బలం తగ్గదు, నిలకడ పోతుంది. వాంతులు, తూలుడు చూసి పైత్యమనుకుంటారు. మొదటి నాలుగైదు రోజుల్లో వాపు వచ్చి మెదడు కాండాన్ని నొక్కితే వెంటనే ఆపరేషన్ అవసరం. ఆ గండం గట్టెక్కితే కోలుకోవడం చాలావరకు బాగుంటుంది.

కాలం, పక్క నాళాలు, చికిత్స

పెద్ద ధమని మూసుకున్నప్పుడు నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని 2006లో అమెరికన్ నిపుణుడు జెఫ్రీ సేవర్ లెక్కగట్టారు. అది సగటు. పక్క నాళాలు బాగున్నవారిలో ఈ నష్టం నెమ్మదిగా, లేనివారిలో చాలా వేగంగా జరుగుతుంది. ధమని ఏళ్లపాటు కొవ్వు పేరుకుని మెల్లగా సన్నబడితే పక్క దారులు బలపడే వ్యవధి ఉంటుంది. గుండె నుంచి గడ్డ ఎగిరొచ్చి ఒక్కసారిగా అడ్డుపడితే ఆ వ్యవధి ఉండదు.

గడ్డను కరిగించే ఇంజెక్షన్ మూడు గంటల్లో ఇస్తే మేలని 1995లో, నాలుగున్నర గంటల వరకూ మేలేనని 2008లో రుజువైంది. పెద్ద ధమనుల్లోని గడ్డను తొడ దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి లాగేసే పద్ధతికి 2015లో ఆధారాలు లభించాయి. ఐదు పరీక్షల్లోని 1,287 మంది వివరాలు కలిపి చూస్తే, స్వతంత్రంగా బతికే స్థాయికి వచ్చినవారు 26.5 శాతం నుంచి 46 శాతానికి పెరిగారు. స్కాన్‌లో దక్కించుకోదగిన మెదడు మిగిలి ఉంటే 24 గంటల వరకూ ఇది చేయవచ్చని 2018లో తేలింది. సన్న ధమనుల స్ట్రోక్‌కు ఈ పద్ధతి పనికిరాదు. గొట్టం అంత సన్నటి నాళంలోకి పోదు.

చేయి తిరిగొస్తుందా?

ఇంట్లోవాళ్లు మొదట అడిగే ప్రశ్న ఇదే. మూడో రోజు డాక్టరు మంచం పక్కన నిలబడి "అమ్మా, ఈ చేయి పక్కకు లేపండి. ఇప్పుడు వేళ్లు చాపండి" అంటారు. అరనిమిషం పట్టే ఈ పరీక్ష చాలా చెబుతుంది. 2010లో వెలువడిన నెదర్లాండ్స్ అధ్యయనం ప్రకారం 72 గంటల్లోపు భుజం కాస్త లేపి, వేళ్లు కాస్త చాపగలిగినవారిలో 98 శాతం మందికి ఆరు నెలల్లో చేతి పనితనం కొంతైనా వచ్చింది. రెండూ చేయలేనివారిలో అది 25 శాతమే. పిడికిలి బిగించడం తేలిక. వేళ్లు చాపాలంటే మెదడు నుంచి దిగే తంతువులు సజీవంగా ఉండాలి. అందుకే దీనికంత విలువ.

హైదరాబాద్ పరిశోధనలు

హైదరాబాద్‌లోని నిమ్స్ ఆస్పత్రి రోగుల మీద 2002లో వచ్చిన అధ్యయనం, గడ్డల వల్ల వచ్చే స్ట్రోక్‌లలో 41 శాతానికి పెద్ద ధమనుల్లో కొవ్వు పేరుకోవడమే కారణమని చెప్పింది. పాశ్చాత్య దేశాల్లో ఈ కొవ్వు మెడలోని ధమనుల్లో ఎక్కువగా కనిపిస్తే, ఇక్కడి రోగుల్లో పుర్రె లోపలి ధమనుల్లో ఎక్కువగా కనిపించింది. పుర్రె లోపలి ధమనులను ఆపరేషన్‌తో శుభ్రం చేసే వీలు తక్కువ. స్టెంటు వేయడం కంటే మందులతో కట్టడి చేయడమే క్షేమమని 2011లో అమెరికాలో జరిగిన పరీక్ష తేల్చింది. బీపీ, షుగర్, కొలెస్టరాల్ మందులు మానేస్తే ఈ రోగులకు మళ్లీ స్ట్రోక్ వచ్చే ముప్పు ఎక్కువ.

నిమ్స్‌లోనే నాడీవైద్యురాలు సువర్ణ అల్లాడి బృందం 608 మంది స్ట్రోక్ రోగులను పరిశీలించింది. రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో 40.5 శాతం మందికి, ఒకే భాష వచ్చినవారిలో 19.6 శాతం మందికి ఆలోచనాశక్తి మామూలుగా నిలిచింది. మాట పోవడంలో మాత్రం రెండు గుంపులకూ తేడా లేదు. ఒకే తీరు గాయాన్ని అందరి మెదళ్లూ ఒకేలా తట్టుకోవని ఈ లెక్క చెబుతోంది.

పునరావాసం

మెరుగుదలలో పెద్ద వాటా మొదటి మూడు నెలల్లో వస్తుంది. అంతమాత్రాన తలుపు మూసుకున్నట్టు కాదు. బాగున్న చేతిని కట్టేసి బలహీనమైన చేతితోనే పనులు చేయించే పద్ధతి, స్ట్రోక్ వచ్చిన మూడు నుంచి తొమ్మిది నెలల తర్వాత మొదలుపెట్టినా ఫలించిందని 2006లో అమెరికాలో తేలింది. తొందరపాటు మాత్రం పనికిరాదు. మొదటి 24 గంటల్లోనే రోగిని పదే పదే లేపి నడిపిస్తే ఫలితం తగ్గిందని 2015లో 2,104 మందితో జరిగిన అంతర్జాతీయ పరీక్ష చూపింది. ఇంట్లోవాళ్లకు నేర్పి వ్యాయామాలు చేయించే పద్ధతిని భారతదేశంలో 14 ఆస్పత్రుల్లో 1,250 మందితో పరీక్షించగా, మామూలు సంరక్షణ కంటే అదనపు లాభం కనిపించలేదు. ఈ ఫలితాలు 2017లో వచ్చాయి. కుటుంబం తోడుండాలి, కానీ ఫిజియోథెరపిస్టు, స్పీచ్ థెరపిస్టుల స్థానాన్ని అది భర్తీ చేయలేదు.

రోగిని డిశ్చార్జ్ చేసేటప్పుడు ఏ ధమని, ఎక్కడ మూసుకుంది, ఎందుకు మూసుకుంది అని డాక్టరును అడిగి రాయించుకోవాలి. ఏ శిక్షణ మీద దృష్టి పెట్టాలో, ఏ ప్రమాదం పొంచి ఉందో అందులోనే ఉంటుంది. మూతి వంకర పోయినా, చేయి జారినా, మాట తడబడినా, ఉన్నట్టుండి చూపు తగ్గినా, నిలబడలేనంతగా తూలినా పసరు మందులకూ పావురం రక్తం పూయడానికీ పరుగెత్తకుండా వెంటనే 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్, స్ట్రోక్ వైద్యం ఉన్న ఆస్పత్రికి చేరాలి. మూసుకున్న ధమని ఏదైనా, దాన్ని తెరిచే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ.